ఏమీ లేని చోట ఆగే మనిషి

మా బావకు ఒకే ఒక్క జబ్బు. ఏమీ లేని చోట ఆగుతాడు.

ఏదైనా ఉన్న చోట అందరూ ఆగుతారు, అదేం విశేషం కాదు. సినిమా పోస్టరు కనిపిస్తే ఆగేవాళ్ళున్నారు, కొట్లాట కనిపిస్తే ఆగేవాళ్ళున్నారు. మా బావ అలాంటివి కన్నెత్తి కూడా చూడడు. ఉత్త గోడ, మొండి బండ, మెట్ల మలుపు, ఇలాంటివి తగలగానే రెండు చేతులూ పైకెత్తి, "ఆగండాగండి" అంటాడు. ఆ తర్వాత అక్కడ లేనిదంతా చెప్పడం మొదలుపెడతాడు.

ఇంకొకరికి ఈ జబ్బు ఉంటే ఇంట్లోవాళ్ళు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేవారు. మా బావకు ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చింది. ఆయన కొండమీది కోటకు గైడు. ఛాతీ మీద నీలం బిళ్ళ తగిలించుకుని, పందొమ్మిదేళ్ళుగా రోజుకు రెండుసార్లు సందర్శకులను వెయ్యిన్నూట నలభై మెట్లు ఎక్కించి దించుతున్నాడు.

నేను అదే కొండ కింద డోలీ కౌంటరులో గుమస్తాను. నడవలేనివాళ్ళూ, నడవడం ఇష్టం లేనివాళ్ళూ డోలీ ఎక్కుతారు. అంటే కుర్చీకి రెండు కర్రలు కట్టి, నలుగురు మనుషులు భుజాల మీద మోసుకుపోతారు. టికెట్టు బరువును బట్టి. ఎక్కే మనిషిని కాటా మీద నిలబెట్టి, తూచి, చీటీ రాసివ్వడం నా పని. లోకంలో ఇంతకంటే శత్రువులను సంపాదించిపెట్టే ఉద్యోగం ఇంకోటి లేదు. చెప్పులు విప్పుతారు, గడియారం విప్పుతారు, ఊపిరి బిగబడతారు. ఒకావిడ కళ్ళజోడు కూడా తీసి పక్కన పెట్టింది. దాంతో కాటా మీద అంకె కనబడలేదు. ఆ రోజు మొత్తానికి నా కౌంటరు నుంచి సంతోషంగా వెళ్ళింది ఆవిడొక్కతే.

కోటలో నిజంగా చూడాల్సినవి లేకపోలేదు. వంద మెట్లు ఎక్కగానే చదునైన నేల మీద స్తంభాల మండపం ఉంది. ఒక్కో స్తంభం చెక్కడానికి ఒక్కో శిల్పి జీవితం అయిపోయిందంటారు. విమానాలెక్కి మరీ జనం వచ్చేది ఆ స్తంభాల కోసం. అక్కడ మా బావ వ్యాఖ్యానం మొత్తం నాకు కంఠతా వచ్చు.

"ఇవి స్తంభాలు. చూశారుగా, పదండి."

మండపం దాటాక మెట్లు నిట్టనిలువుగా లేస్తాయి. శిఖరం మీద రాజభవనం వచ్చేదాకా రాయి పక్కన రాయి తప్ప మరేమీ ఉండదు. మా బావ నోటికి తాళం ఊడేది అక్కడే. మొదటి మలుపులో ఒక బోడిబండ ఉంటుంది. దాని మీద పావురం కూడా వాలదు. దాని ముందు నిలబడి, యుద్ధానికి వెళ్ళిన రాజు కోసం రాణి ఇక్కడే కూర్చుని ఏడ్చిందని చెప్తాడు. రెండో మలుపులో సేనాపతికి కల వచ్చింది. మూడో మలుపులో ఏనుగు అలిగింది. అలా శిఖరం చేరేలోపు తొమ్మిది చోట్ల తొమ్మిది కథలు. ఒక్కదానికీ చరిత్రలో అయిపూ ఆజా లేదు.

పైగా ఒకరోజు చెప్పిన కథ మర్నాడు ఉండదు. ఉన్నా అంతే ఉండదు. ఒకరోజు బక్కపలచటి టీచరమ్మ డోలీలో వెళ్ళింది. ఆ రోజు బండ దగ్గర కథ ఇంతే: "రాణి ఇక్కడ నిట్టూర్చింది. పదండి." ఆ వారంలోనే ఒక హోటలు యజమాని వచ్చాడు. కాటా మీద నిలబడితే నూట ఇరవై ఒకటి చూపించింది. ఆయన వెళ్ళిన గుంపు రెండు గంటలు ఆలస్యంగా దిగింది. ఏమైందని అడిగితే అందులో ఒకాయన కూలబడి చెప్పాడు. శత్రువులు కోటను ఏడేళ్ళు ముట్టడించారటమ్మా, ఆ ఏడేళ్ళూ మేమూ అక్కడే ఉన్నాం, అని.

ఇదంతా నేను మనిషి మూడ్‌ను బట్టి అనుకునేదాన్ని.

ఇంటికొచ్చినా ఈ జబ్బు వదిలేది కాదు. మా అక్కావాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేని మేడ. గ్యాసు సిలిండరు మోసుకొచ్చే మనిషిని రెండో అంతస్తు మలుపులో ఆపేవాడు మా బావ. సిలిండరు దింపించి, ఈ మేడ కట్టినప్పుడు మేస్త్రీకీ యజమానికీ ఈ మెట్టు మీదే గొడవైందనీ, అందుకే ఈ మెట్టు అర అంగుళం ఎత్తు ఎక్కువనీ చెప్పేవాడు. పైన గుమ్మంలో మా అక్క పొయ్యి ఆరిపోయి నిలబడి ఉండేది.

"ఆ సిలిండరు అబ్బాయికి మన మేడ చరిత్ర ఎందుకే? పరీక్ష రాస్తాడా?" అనేది నాతో. "పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఇలాగే సగం మెట్ల మీద ఆపి కబుర్లు చెప్పేవాడు. ప్రేమ అనుకున్నాను. తర్వాత తెలిసింది, కూరగాయల బుట్టతో ఎవరొచ్చినా చెప్తాడని."

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. పర్యాటక రంగం మన దేశానికి వెన్నెముక అని శాఖవాళ్ళు ప్రతి ఏడాదీ బ్యానరు కడతారు. ఆ వెన్నెముక ఎవరి వీపులో ఉందో మాత్రం రాయరు. వాళ్ళ రంగుల కరపత్రంలో మా కోట ఉంటుంది, డోలీ ఉంటుంది, డోలీలో నవ్వుతున్న సందర్శకురాలు ఉంటుంది. మోసేవాళ్ళు భుజాల దాకానే ఉంటారు. తలలు ఫొటో చట్రంలో పట్టలేదు.

డోలీల కాంట్రాక్టరు పెట్టిన నియమం ఒకటుంది. గైడు ఆపినప్పుడు తప్ప మధ్యలో డోలీ నేల మీద పెట్టకూడదు. పెడితే మర్నాడు వరస రాదు. వరస రాకపోతే ఆ రోజు పని లేదు. మోసేవాళ్ళు తమంతట తాము దింపుతుంటే కూర్చున్నవాళ్ళు చిరాకు పడుతున్నారని ఈ ఏర్పాటు. మోసేవాళ్ళ కాళ్ళు వణుకుతున్నాయని ఏ నియమమూ పుట్టలేదు.

మలుపు మలుపుకీ విశ్రాంతి బల్ల వేయించమని నేను మూడుసార్లు అర్జీ రాశాను. మూడుసార్లూ సంతకాల కోసం తిరిగాను. టోపీలమ్మే ఆయన పెట్టాడు, టీ కొట్టావిడ పెట్టింది. డోలీవాళ్ళు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి తిరిగి నా చేతికిచ్చారు. వాళ్ళలో అందరికంటే పెద్దవాణ్ణి మేమంతా పెద్దన్న అంటాం. ముప్ఫై ఏళ్ళుగా ముందు కర్ర ఆయనదే.

"అలసిపోతున్నామని మేమే రాసిచ్చామనుకో తల్లీ, రేపు అలసిపోనివాణ్ణి తెచ్చుకుంటారు" అన్నాడు.

అది అర్థమైంది. మా బావ సంతకం పెట్టకపోవడమే అర్థం కాలేదు. చదివి, మడిచి, బాగా రాశావు మరదలా అని మెచ్చుకుని జేబులో పెన్ను జేబులోనే ఉంచుకున్నాడు. ఆ రోజు నేను ఊరుకోలేదు. రాళ్ళకు కష్టాలు పుట్టించి ఏడవడానికి నోరొస్తుంది గానీ, కళ్ళెదుట మనుషుల కోసం నాలుగు అక్షరాలు గీకడానికి చెయ్యి రాదా అని కడిగేశాను. ఆయన తల గోక్కుని, "చెయ్యి కంటే నోరే అలవాటు మరదలా" అని వెళ్ళిపోయాడు. ఇంత పిరికి మనిషిని మా అక్క ఎలా భరిస్తోందో అనుకున్నాను.

అలా ఉండగా ఒక రిటైరైన చరిత్ర లెక్చరరు మా కొండకు వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా మూడు నెలల్లో మూడుసార్లు వచ్చాడు. మూడోసారి దిగాక ఫిర్యాదుల పుస్తకం అడిగి నాలుగు పేజీలు రాశాడు. సారాంశం ఏమిటంటే, ఒకే బండ దగ్గర మొదటిసారి రాణి ఏడ్చింది, రెండోసారి వంటవాడు విషం కలిపాడు, మూడోసారి రెండు రాజ్యాలకు సరిహద్దు గీశారు. "ఇన్ని జరిగిన బండకు కనీసం ఒక గీత కూడా పడకపోవడం ఆశ్చర్యం" అని ముగించాడు. బాగా రాశాడని ఒప్పుకోవాలి.

ఆ పుస్తకం పర్యాటక శాఖకు వెళ్ళింది. అర్జీ మూడేళ్ళయినా వెళ్ళని దారిలో ఫిర్యాదు మూడు రోజుల్లో వెళ్ళింది. వారం తిరక్కుండా తనిఖీ అధికారి దిగాడు. ఇస్త్రీ చేసిన మనిషి. నవ్వితే మడత పడుతుందేమో అన్నట్టుంటాడు. మాకెవరికీ చెప్పకుండా టోపీ పెట్టుకుని, సందర్శకుడిలా టికెట్టు కొనుక్కుని, నాలుగు రోజులు వరసగా మా బావ వెనకే కొండెక్కాడట. ఐదో రోజు మధ్యాహ్నం ఆయన్ని ఆఫీసు గదికి పిలిపించాడు. ఫిర్యాదుల పుస్తకం పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"మీకు అనుమతి ఉన్న చోట్లు ఎన్ని?" అన్నాడు అధికారి.

"మూడండీ. సింహద్వారం, మండపం, రాజభవనం."

"మీరు ఆగుతున్నవి?"

మా బావ పైకి చూశాడు, వేళ్ళు మడిచాడు. "కాస్త ఎక్కువేనండీ."

అధికారి కాగితం తీశాడు. నాలుగు రోజులు, తొమ్మిది మలుపులు, ఒక్కో మలుపులో ఎన్ని నిమిషాలు ఆగాడో స్టాప్‌వాచీ పెట్టి రాసుకున్న పట్టిక. మొదటి బండ దగ్గర ఒకరోజు నాలుగు నిమిషాలు, ఇంకోరోజు పద్నాలుగు, మరోరోజు ఏడు. నాలుగో రోజు అసలు ఆగనే లేదు. అబద్ధం చెప్పడం ఒక తప్పు, అందులో కూడా క్రమశిక్షణ లేకపోవడం రెండో తప్పు అన్నాడు. రేపు ఉదయం తానూ వస్తానన్నాడు. మూడే చోట్ల ఆగాలి, నాలుగో చోట నోరు తెరిస్తే నీలం బిళ్ళ తీసి తన చేతికిచ్చి కొండ దిగిపోవచ్చన్నాడు. నన్ను కూడా సాక్షిగా రమ్మని, ఆ నెల డోలీ చీటీల పుస్తకం తెమ్మన్నాడు.

ఆ సాయంత్రం మా అక్క ఇంట్లో జరిగిన సభలో మాట్లాడింది మేమిద్దరమే. బిళ్ళ పోతే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో మాకు తెలుసు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. కొండ తప్ప ఇంకో పని రాదు.

"ఒక్కపూట. ఒక్కపూట నోరు మూసుకుంటే చాలు" అంది మా అక్క. "ఆ బండలు నిన్నేం అనుకోవు. మాట్లాడకపోతే అలగవు."

"సరే" అన్నాడు మా బావ.

"నా మీద ఒట్టేయి."

"ఒట్టు దేనికి, సరే అన్నాగా."

ఒట్టు మాత్రం వెయ్యలేదు. నేనది గమనించాను గానీ, ఆయనకు ఒట్లేసే అలవాటు లేదులే అనుకున్నాను.

మర్నాడు ఉదయం గుంపులో పన్నెండుమంది నడిచేవాళ్ళు, ఒక డోలీ. అందులో కూర్చున్నాయన బట్టల వ్యాపారి, మంచి మనిషి, నూట తొమ్మిది కిలోలు. నడుము నొప్పి. ముందు కర్ర పెద్దన్నది. అధికారి స్టాప్‌వాచీ మెడలో వేసుకున్నాడు. నేను చీటీల పుస్తకం చంకన పెట్టుకున్నాను.

మండపం దగ్గర మా బావ రెండు నిమిషాలు మాట్లాడాడు. స్తంభాల గురించి నిజాలే చెప్పాడు. ఆయన నోట నిజం వినడం నాకదే మొదటిసారి, అదోలా అనిపించింది. తర్వాత మెట్లు మొదలయ్యాయి. మొదటి మలుపులో బండ వచ్చింది. మా బావ దాని పక్కనుంచి, బాకీ ఉన్నవాడి ఇంటి ముందు నుంచి నడిచినట్టు, తల దించుకుని వెళ్ళిపోయాడు. నా గుండె కుదుటపడింది. డోలీవాళ్ళు బండను చూశారు, ఆయన వీపును చూశారు, అడుగు ముందుకే వేశారు.

రెండో మలుపు కూడా అలాగే దాటింది. అమ్మయ్య, ఇంక ఏడు, అనుకున్నాను.

రెండో మలుపుకీ మూడో మలుపుకీ మధ్య మెట్లు నిచ్చెనలా ఉంటాయి. అందరం గోడ పట్టుకుని ఎక్కుతున్నాం. మా బావ వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ నాలుగు మెట్లు ఎక్కి మళ్ళీ చూశాడు. ఆయన చూసేది అధికారిని అనుకున్నాను. మూడో మలుపు రాగానే ఛాతీ మీది బిళ్ళను ఒకసారి తడుముకున్నాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

"ఆగండాగండి."

అధికారి స్టాప్‌వాచీ నొక్కాడు. డోలీ నేలకు దిగింది. మా బావ ఏనుగు అలక కథ అందుకున్నాడు. రాజుగారు ఏనుగును బతిమాలారు, రాణిగారు బతిమాలారు, మంత్రి బతిమాలబోయి జారిపడ్డాడు, అప్పుడు మంత్రి అలిగాడు. ఇంత ఘోరమైన కథ నేను పందొమ్మిదేళ్ళలో వినలేదు. కోపం నషాళానికంటింది. ఆయన మొహం చూడలేక పక్కకు తిరిగాను.

పక్కన డోలీవాళ్ళున్నారు. భుజాల మీది గుడ్డలు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి. పెద్దన్న మెట్టు మీద కూర్చుని కుడి పిక్కను రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పిక్క దానంతటదే ఎగిరెగిరి పడుతోంది. వెనక కర్రవాడు నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. నలుగురి డొక్కలూ ఎగసి ఎగసి పడుతున్నాయి. కథలో ఏనుగు ఇంకా అలిగే ఉంది. మెల్లగా డొక్కలు నెమ్మదించాయి. పెద్దన్న పిక్క ఆగింది. ఆయన చేతులు తీసి భుజం గుడ్డ సర్దుకున్నాడు.

"ఏనుగు లేచింది. పదండి" అన్నాడు మా బావ.

మాట మధ్యలో ఆపి మరీ అన్నాడు. మంత్రి ఇంకా అలకలోనే ఉండిపోయాడు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. స్తంభాల దగ్గర ఎందుకు ఆగడో అప్పుడు తట్టింది. అక్కడ నేల చదునుగా ఉంటుంది. అక్కడ ఎవరికీ ఆయాసం రాదు.

"పదమూడు నిమిషాలు" అన్నాడు అధికారి. చెయ్యి చాపాడు. మా బావ బిళ్ళ పిన్ను ఊడదీస్తున్నాడు. పిన్ను తుప్పు పట్టి రావడం లేదు. దాని పుణ్యమా అని నాకు రెండు నిమిషాలు దొరికాయి.

"సార్, మీ పట్టిక ఒక్కసారి ఇవ్వండి" అన్నాను.

చీటీల పుస్తకం తెరిచి ఆయన కాగితం పక్కన మెట్టు మీదే పరిచాను. మొదటి బండ, నాలుగు నిమిషాలు. ఆ రోజు డోలీ చీటీ, యాభై రెండు కిలోలు. పద్నాలుగు నిమిషాలు, నూట పదమూడు కిలోలు. ఏడు నిమిషాలు, డెబ్భై కిలోలు. అసలు ఆగని రోజున చీటీయే లేదు. అందరూ నడిచి వెళ్ళారు.

అధికారి వంగి చూశాడు. కూర్చుని చూశాడు. రెండో మలుపు, మూడో మలుపు, వేలు పెట్టి ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చాడు. మనిషి బరువైతే రాణి దుఃఖం బరువు, మనిషి తేలికైతే దుఃఖం తేలిక. ఆయన ఇస్త్రీ మొహంలో ఎక్కడో ఒక మడత పడింది. తలెత్తి పెద్దన్న వైపు చూశాడు, భుజం మీది కాయ వైపు చూశాడు. తర్వాత మా బావ వైపు తిరిగాడు.

"నిన్న గదిలో అడిగినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

మా బావ ఇంకా పిన్నుతోనే కుస్తీ పడుతున్నాడు. "ఏం చెప్పమంటారండీ? వీళ్ళు అలసిపోయారని నేనంటే, అలసిపోయేవాళ్ళు మాకెందుకంటారు. నేను వాగుతున్నానంటే పోయేది నా పరువు ఒక్కటే. అది ఎప్పుడో పోయింది."

డోలీలో బట్టల వ్యాపారి ఇదంతా విని, కుర్చీలో అటూ ఇటూ కదిలి, మిగతా దూరం నడుస్తానన్నాడు. పెద్దన్న ఒప్పుకోలేదు.

"నడుము నొప్పి అన్నారు కదా, కూర్చోండి బాబూ. నడిపిస్తే మాకు పనేముంది? మోస్తాం. మధ్యలో కాసేపు దింపనిస్తే చాలు."

నేను మూడు అర్జీల్లో ఆరు పేజీలు రాసింది ఈ ఒక్క మాటే. అధికారి దాన్ని అప్పటికప్పుడు తన పట్టిక వెనక రాసుకున్నాడు. మా బావతో మాత్రం బిళ్ళ పెట్టుకోండి అని కూడా అనలేదు. స్టాప్‌వాచీ మెడలోంచి తీసి జేబులో వేసుకుని, "ఇంకా ఆరు మలుపులున్నాయి. ఆగాల్సిన చోట ఆగండి" అని ముందు నడిచాడు. ఆ ఆరు కథలూ శ్రద్ధగా విన్నాడు. శిఖరం మీద నన్ను పక్కకు పిలిచి, ఆ మంత్రి అలక చివరికి తీరిందా అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

నివేదిక నెలరోజులకు వచ్చింది. అందులో రెండు వాక్యాలు నాకు నచ్చి రాసిపెట్టుకున్నాను. "గైడు చెప్పే కథలకు ఆధారం లేదు. ఆపడానికి ఆధారం ఉంది." తొమ్మిది మలుపుల్లో తొమ్మిది రాతి బల్లలు వేయమన్నాడు. మోసేవాళ్ళు తమకు తోచిన చోట డోలీ దింపవచ్చు, దింపినందుకు వరస తప్పిస్తే కాంట్రాక్టే రద్దు అన్నాడు. గైడు ఇకమీదట కల్పన చెప్పేముందు అది కల్పన అని సందర్శకులకు చెప్పి తీరాలన్నాడు. ఒక మంచివాడి నోటి మీద పందొమ్మిదేళ్ళు నడిచిన విశ్రాంతి, కాగితం మీదికొచ్చింది. రావాల్సింది అక్కడికే. ఆయనకు గొంతు బొంగురుపోయిన రోజున వాళ్ళ కాళ్ళు ఏమయ్యేవి?

మా అక్క ఆ నివేదిక రెండుసార్లు చదివించుకుని, ఒక్కటే అంది. "అయితే సిలిండరు కథ కూడా అదేనా?" తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. కొత్త కాపురంలో తన చేతుల్లో ఎన్నిసార్లు బుట్ట ఉందో, ఎన్నిసార్లు లేదో అని నా అనుమానం.

బల్లలు సరిగా వేశారో లేదో చూసి సంతకం పెట్టే పని నాకు పడింది. ఒక ఉదయం మా బావ గుంపుతోనే బయల్దేరాను. డోలీలో ఒక పెద్దావిడ ఉంది, పిట్టంత మనిషి. మొదటి మలుపులో పెద్దన్న తనంతట తానే డోలీ దింపాడు. ఎవరూ చేతులెత్తలేదు, ఎవరూ కథ చెప్పలేదు. నలుగురూ బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. నాకు ఆ దృశ్యం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మా బావ మాత్రం దిక్కుతోచనట్టు నిలబడ్డాడు. చెప్పాల్సిన పని లేదు, నడవాల్సిన పనీ లేదు. అప్పుడు చూశాను ఆయన్ని. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముక్కుతో కాదు, నోటితో గాలి పీలుస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆ నలుగురూ కూర్చున్నప్పుడల్లా ఆయన నిలబడి మాట్లాడాడు. వాళ్ళకు ఊపిరి తిరిగేదాకా తన ఊపిరంతా ఖర్చుపెట్టాడు. ఆ కొండ మీద ఒక్కచోట కూడా ఆయన కూర్చున్నది లేదు.

పెద్దన్న కూడా చూసినట్టున్నాడు. లేచి జరిగాడు.

"కూర్చోండి గైడుగారూ."

"నాకెందుకు పెద్దన్నా, నేనేం మోశాను?"

"కూర్చోండి."

మా బావ కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో గోడకు తల ఆనించాడు, మూడో నిమిషంలో గురక వినబడింది. సందర్శకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డోలీవాళ్ళు ఎప్పుడో సిద్ధమైపోయారు. నడిచేవాళ్ళలో ఒకాయన గడియారం చూసుకుని, ఇక్కడ ఎందుకు ఆగిపోయాం, ఇక్కడేముంది చూడ్డానికి, అని అడగనే అడిగాడు.

పెద్దన్న మా బావ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని బండ ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ముందే చెప్తున్నా బాబూ, ఇది కల్పన" అన్నాడు. "ఈ కోట కట్టేటప్పుడు రాళ్ళు మోసేవాడొకడు సరిగ్గా ఇక్కడే కూర్చున్నాడు. రాజుగారొచ్చి ఎందుకు కూర్చున్నావురా అన్నారు. వాడు మాట్లాడలేదు. రాణిగారొచ్చి అడిగారు. మాట్లాడలేదు. అప్పుడు రాజుగారు కూడా వాడి పక్కన కూర్చున్నారు. కూర్చుంటే ఏమైంది..."

ఏమైందో చాలా జరిగింది. రాణిగారు కూర్చున్నారు, సేనాపతి కూర్చున్నాడు, చివరికి శత్రువులొచ్చి వాళ్ళూ కూర్చున్నారు. నేను అలవాటు కొద్దీ చీటీ తీసి చూశాను. డోలీలో పెద్దావిడ బరువు నలభై ఒక్క కిలోలు. కథ ఇరవై రెండు నిమిషాలు సాగింది.